నూట పన్నెండు మేకులు

కువైట్‌లో వాసిఫ్‌కి దొరికిన పని ఇళ్ళు కొలవడం. అతను కొలిచిన ఇల్లు నెల తిరక్కుండా నేలమట్టమయ్యేది. చమురు డబ్బు చేతికందిన దగ్గర్నుంచీ ఆ దేశానికి తన పాత ఒళ్ళంటే సిగ్గు పుట్టింది. మట్టి గోడ మీద ఎర్ర రంగుతో అంకె వేయడం, ఇంటివాళ్ళకి కలలో కూడా అనుకోని ధర ఇవ్వడం, వాళ్ళు ఊరి బయట కొత్త సిమెంటు ఇళ్ళకి వెళ్ళగానే గోడలు కూల్చే యంత్రాన్ని తోలడం. 1957 వేసవికి పాతబస్తీలో సగం అలా పోయింది. ఊరి చుట్టూ ఉన్న ప్రాకారాన్ని కూడా ద్వారాలు మాత్రం ఉంచి పడగొట్టేశారు. గీతలు గీసిందీ, కొలత గొలుసు లాగిందీ, పిల్లలకి పాఠాలు చెప్పిందీ చాలావరకు వాసిఫ్ లాంటి పాలస్తీనా వాళ్ళే. తమ ఊళ్ళు పోగొట్టుకుని వచ్చి, పక్కవాడి ఊరు పడగొట్టి మళ్ళీ కడుతున్నారు.

దానికి వాసిఫ్ ఏడవలేదు. అతనికి కావలసింది ఒక్కటే. పడగొట్టేముందు ప్రతి సందు పేరూ పటం మీదికి ఎక్కాలి.

దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది తండ్రి. పాలస్తీనాలో రమ్లా దగ్గర ఐన్ సఫ్రా వాళ్ళ ఊరు. సర్వేవాళ్ళు గొలుసుతో వచ్చినప్పుడు, ఈ పొలం ఎవరిదని అడిగితే, పన్ను తప్పించుకోవచ్చని ఆయన పట్నంలో ఉన్న ఒక పెద్దమనిషి పేరు చెప్పాడు. ఊళ్ళో సగంమంది అదే పని చేశారు. ఆ పెద్దమనిషి బేరూత్‌లో కూర్చుని, ఒక్క మాటైనా చెప్పకుండా ఆ పొలాన్ని యూదుల భూమి కంపెనీకి అమ్మేశాడు. ముళ్ళకంచె వేసిన రోజు కూడా తండ్రి నాగలితోనే బయల్దేరాడు. వాసిఫ్ ఆ కోపంతోనే అక్కడి ఇంగ్లీషు ప్రభుత్వపు సర్వే కచేరీలో చేరాడు.

రెండో కారణం ఆ కచేరీలో పక్కబల్ల దగ్గర కూర్చునే ఎఫ్రయిమ్. పోలండ్ నుంచి వచ్చిన యూదుడు. వాసిఫ్‌కి అక్షరాలు పొందిగ్గా రాయడం నేర్పింది అతనే. పటం మీద ప్రతి అరబ్బు ఊరి పక్కనా పెన్సిలుతో చిన్నగా ఒక హీబ్రూ పేరు రాసుకునేవాడు. వాసిఫ్ నవ్వితే ఎఫ్రయిమ్ మాత్రం నవ్వలేదు.

"రెండువేల ఏళ్ళుగా మాకు ఊళ్ళు లేవు. పేర్లే ఉన్నాయి, మా పవిత్ర పుస్తకంలో. అవి చాలాయి," అన్నాడు. అప్పటికి, యుద్ధంలో పోలండ్‌లోనే చిక్కుకుపోయిన అతని తల్లి దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోయి ఏడాదిన్నర.

నలభై ఎనిమిది యుద్ధంలో ఐన్ సఫ్రా యూదుల కొత్త దేశంలోకి పోయింది. రెండేళ్ళ తర్వాత అమ్మాన్‌లో ఎవరో కొత్త పటం చూపించారు. అతని ఊరు ఉండాల్సిన చోట ఎఫ్రయిమ్ పెన్సిలు పేరు సిరాలో అచ్చయి ఉంది. వాసిఫ్ ఆ పటాన్ని చించలేదు. దాన్ని మడిచి ఇచ్చేసి, తెలివైన పనివాణ్ణి చూసినట్టు అసూయపడ్డాడు.

కువైట్‌లో ఒకే గదిలో ఆరుగురు ఉండేవాళ్ళు. సాయంత్రమైతే కైరో రేడియో. హైఫా నుంచి వచ్చిన నిమ్ర్ బడిపంతులు. గదికంతటికీ రాజకీయం అతనిదే. అరబ్బులంతా ఒక్కటైతే ఆరు నెలల్లో ఇంటికెళ్తామని గోడ మీద క్యాలెండరు చూపించి మరీ చెప్పేవాడు. వాసిఫ్ సందుల పేర్లు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రాసుకుంటున్నాడని తెలిసి ఒక రోజు ఆటపట్టించాడు.

"ఒరేయ్ వాసిఫ్, దేశం పోయింది మనది. నువ్వేమో వీళ్ళ గాడిదలు నడిచిన సందులు లెక్కపెడుతున్నావు."

"నీ క్యాలెండరు ఎన్నోది రా ఇది?" అని అడిగాడు వాసిఫ్.

గదిలో మిగతావాళ్ళు నవ్వారు. నిమ్ర్ మాత్రం ఆ రాత్రి అన్నంలో ఉప్పు తక్కువైందని వాసిఫ్‌నే తిట్టాడు.

అసలు అడ్డం ఇక్కడి కచేరీలో ఎదురైంది. ఇంజనీరు హార్న్‌బీ ఇంగ్లీషువాడు. వాసిఫ్ పటంలో సందుల పేర్లు చూసి, కూలిపోయేవాటికి పేర్లెందుకు, అంకెలు చాలు, గీకేయమన్నాడు. వాసిఫ్ బ్లేడు తీసుకుని పటం గుడ్డ మీంచి సిరా గీకేశాడు. గీకుతుండగానే హార్న్‌బీ అచ్చువేయించిన నిబంధనల పుస్తకం గుర్తొచ్చింది. కొలత మొదలుపెట్టే ప్రతి చోటా ఇనుప మేకు కొట్టాలి. ఆ మేకు ఎక్కడుందో, తర్వాత వచ్చినవాడు వెతికి పట్టుకునేలా మాటల్లో రాయాలి. ఆ రాత శాశ్వత రిజిస్టరులోకి వెళ్తుంది, అందులో సందు పేరు రాయక తప్పదు.

మర్నాటి నుంచి వాసిఫ్ సందుకో మేకు కొట్టడం మొదలుపెట్టాడు. మొత్తం నూట పన్నెండు సందులు.

ముప్ఫై మేకులు దాటాక హార్న్‌బీ పిలిపించి, నలభై సరిపోయేచోట ఇన్నెందుకని నిలదీశాడు. ఈ సందులు వంకర, మలుపు తిరిగితే దుర్భిణికి అవతల ఏమీ కనపడదు అన్నాడు వాసిఫ్. అది నిజమే. హార్న్‌బీకీ తెలుసు అది నిజమని. అయితే యంత్రాలు మేకుల కోసం ఒక్క రోజు కూడా ఆగవన్నాడు. జూలై ఆఖరుకి అన్నీ పూర్తికాకపోతే రిజిస్టరులో ఆ పుటలు కొట్టేస్తానన్నాడు. అప్పుడు వాసిఫ్ కాంట్రాక్టు కూడా ఉండదు. కాంట్రాక్టు లేకపోతే దేశంలో ఉండనిచ్చే కాగితమూ ఉండదు. జోర్డాన్‌లో ఇర్బిద్ దగ్గర శరణార్థుల శిబిరంలో అతని జీతం మీదే బతికే భార్యా, ముగ్గురు ఆడపిల్లలూ ఉన్నారు.

ఆ ఎండలో మధ్యాహ్నం మనుషులే బయట కనపడరు. వాసిఫ్ తలకి తడిగుడ్డ చుట్టుకుని పన్నెండింటికీ పనిచేశాడు. మేకు పట్టుకుంటే వేళ్ళు కాలేవి. గొలుసు పట్టే మనిషి రెండుసార్లు సొమ్మసిల్లాడు. మూడోసారి పడబోయేది వాసిఫే. గోడనీడలో కాసేపు కూర్చుని లేచాడు.

జూలై ముప్ఫై ఒకటి. నూట పదకొండు అయ్యాయి. చివరి సందులో ఒకే ఒక మనిషి మిగిలింది. ముత్యాలు తీసే పడవ నడిపిన సరంగు భార్య ఉమ్ ధారీ. సామాను లారీకెక్కింది. ఆవిడ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. సందు మొదట్లో యంత్రం ఇంజను వేసి ఉంది.

వాసిఫ్ అరుగు మూల మేకు కొట్టి, పుస్తకం తెరిచి, సందు పేరేమిటమ్మా అని అడిగాడు.

"నా మొగుడి పేరు రాయి. సరంగు ధాఇన్ వీధి. బావుంటుంది."

"ఆ పేరుతో ఎప్పుడైనా ఎవరైనా పిలిచారా?"

"నువ్వు రాస్తే ఇకనుంచి పిలుస్తారు. కాగితం నీ చేతిలోదేగా."

వాసిఫ్‌కి ఒళ్ళు మండింది. పొలం గట్టు మీద సర్వేవాడికి పెద్ద పేరు చెప్పిన తండ్రి కళ్ళముందు కదిలాడు. ఆవిడ చెప్పింది రాస్తే అరనిమిషంలో అయిపోతుంది. యంత్రం మీద డ్రైవరు చెయ్యి ఊపుతున్నాడు.

"అమ్మా, మా నాన్న ఇలాగే వేరే పేరు చెప్పాడు. ఇప్పుడు మా పొలం ఎవరి పేరుతో ఉందో తెలుసా నీకు? ఉన్న పేరే చెప్పు. లేకపోతే ఇక్కణ్ణుంచి నేను లేవను, ఆ యంత్రం నా మీదనుంచే పోవాలి."

ఉమ్ ధారీ అతన్ని ఎగాదిగా చూసింది. పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"చెడ్డ మొండివాడివిరా ఫలస్తీనీ. మంచినీళ్ళు తెచ్చే పడవ వచ్చినప్పుడు తోలుతిత్తులేసుకుని గాడిదలన్నీ ఇక్కడే ఆగి పేడ వేసేవి. పేడ సందు. రాసుకో. యాభై ఏళ్ళు ముక్కు మూసుకుని బతికాను ఇక్కడ. కొత్తింట్లో చల్లగాలి మిషను పెట్టారు, పోతున్నా. మళ్ళీ రమ్మన్నా రాను."

ఆవిడ వెనక్కి చూడకుండా లారీ ఎక్కింది. వాసిఫ్ రాశాడు: నూట పన్నెండో మేకు, పేడ సందు, సరంగు ధాఇన్ ఇంటి అరుగు, తూర్పు మూల, నేలకి జానెడు పైన.

సాయంత్రం హార్న్‌బీ పుటలన్నీ తిప్పాడు. చివరి పేరుకి అర్థమేమిటని అడిగి తెలుసుకున్నాడు. ప్రతి పుట కిందా పొడి సంతకం పెట్టాడు. తన నిబంధనే అది.

గదికొచ్చి వాసిఫ్ చొక్కా విప్పితే భుజాల మీద తోలు ఊడివచ్చింది. రేడియో మోగుతోంది. నిమ్ర్ దాన్ని తగ్గించి, చివరి మేకు సంగతంతా విన్నాడు. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, హైఫాలో తమ కొండవాలు సందులన్నీ తనకి గుర్తున్నాయన్నాడు.

వాసిఫ్ కొత్త పుస్తకం తీసి మొదటి పుటకి అంచు గీసుకున్నాడు.

"నిజం పేర్లు చెప్పు. గొప్పవి వద్దు. మొదటి మేకు ఏ గడపకి కొట్టమంటావు?"