ప్లాన్‌లో లేని అంతస్తు

ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ఇళ్ళకీ టైల్స్ వేసిన మేస్త్రీ, సొంతింట్లో వేసుకోవడానికి నాలుగు ఆదివారాలు తీసుకున్నాడు. అయిదో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్ అది. ఆ బిల్డింగంతా టైల్స్ వేసింది ఆయనే కాబట్టి, బిల్డర్ పిలిచి మరీ అమ్మాడు.

భార్య ఆ నేల చూసి, "అందరిళ్ళలోనూ ఇంత బాగా వేస్తే నిన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారయ్యా, పాడైతేగా!" అని నవ్వింది.

ఏడాది తిరక్కుండానే మున్సిపాలిటీవాళ్ళు వచ్చి తలుపు మీద నోటీసు అంటించారు. అనుమతి నాలుగంతస్తులకేనట. అయిదోది కూల్చేయాలట.

"మరి రిజిస్ట్రేషన్ అయింది కదండీ?" అన్నాడు మేస్త్రీ.

"అది వేరే ఆఫీసు," అన్నాడు అధికారి.

బిల్డర్ ఫోన్ ఎత్తలేదు. ఆఫీసుకి వెళితే తాళం వేసి ఉంది, బోర్డు కూడా లేదు. కోర్టుకి వెళితే ఎనిమిది నెలల గడువు మాత్రం దొరికింది.

మేస్త్రీకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వేళకి తిన్నాడు, పనికి వెళ్ళాడు.

"ఏదో ఒకటి అనవయ్యా, కనీసం నన్ను తిట్టు," అంది భార్య.

"ఏమనాలి?" అన్నాడు.

గడువు వారం ఉందనగా ఉలీ సుత్తీ పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. మూడు రోజులు కొడితే పదకొండు టైల్స్ మాత్రం పగలకుండా వచ్చాయి. ముక్కలు గోనెసంచిలోకి ఎత్తుతూ భార్య అడిగింది.

"ఇంత గట్టిగా ఎందుకు వేశావ్?"

"ఉందామని."

కూల్చిన రోజున ఆయన అటు వెళ్ళలేదు. ఇంకో వీధిలో కొత్త బిల్డింగు పై అంతస్తులో బాత్రూమ్ గోడకి టైల్స్ వేస్తున్నాడు. ఫ్లాట్ చూడటానికి ఒక జంట వచ్చింది.

"పని గట్టిగానే ఉంటుందా మేస్త్రీ?" అని అడిగాడు భర్త.

"పనికేం, గట్టిగానే ఉంటుంది. ప్లాన్ అడిగి చూడండి. ఎన్ని అంతస్తులకి అనుమతుందో లెక్కపెట్టుకోండి."

వాళ్ళు మొహమొహాలు చూసుకుని కిందికి దిగిపోయారు. మర్నాడు అక్కడి బిల్డర్ ఇక రావద్దని కబురు పెట్టాడు. మేస్త్రీ పనిముట్లు కడిగి సంచిలో సర్దుకుని, అద్దెకి దిగిన ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాడు.

"పోనీలే, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను," అంది భార్య.

తర్వాతి వారం ఒక బడిలో వరండా పని దొరికింది. ఒకటే అంతస్తు.