ఐదే ప్రింట్లు

1986లో వరంగల్ స్టేషన్ రోడ్డులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లతో బతుకు నడిచేది. తీరిక దొరికితే కెమెరా భుజాన వేసుకుని నాకు నచ్చినవి తీసేవాణ్ని. అలా ఒక ఎండాకాలం ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి ఏరుతున్న కూలీ ఆమెను తీశాను. ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. పక్కనున్నవాళ్లు ఏదో అంటే, కొంగు జారిపోయేలా నవ్వింది. ఆ ఫోటోను పెద్దది చేసి షోకేసులో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లకు చూపించి మురిసిపోయేవాణ్ని.

ఆ ఏడాదే కోట చూడటానికి వచ్చిన బొంబాయి పెద్దమనిషి ఒకాయన, రైలుకు టైముందని తిరుగుతూ షోకేసు ముందు ఆగాడు. ఆయనకు అక్కడ ఫోటోలు అమ్మే గ్యాలరీ ఉందట. ఐదు ప్రింట్లకు మూడు వేలు ఇస్తానన్నాడు. వంద అడగడానికే మొహమాటపడే మనిషిని నేను. కాగితానికి అంత ధర ఎందుకని ఉండబట్టలేక అడిగాను.

“కాగితానికి కాదు,” అన్నాడు హిందీలో. “ఇవి లోకంలో ఐదే ఉన్నాయన్న భరోసాకు. ఆరోది పుడితే నా దగ్గర కొన్నవాడు మోసపోయినట్టే.”

దీన్ని ఎడిషన్ అంటారట. ఎన్ని ప్రింట్లో ముందే తేల్చి, ప్రతిదానిమీదా నంబరూ సంతకమూ వేసి, నెగటివ్‌ను పనికిరాకుండా చేస్తారు. నెగటివ్ ఉన్నంతకాలం ఎన్ని కాపీలైనా తీయొచ్చు కదా. షోకేసులోదీ ఆ ఐదింటిలో ఒకటిగా వెళ్లిపోయింది. ఆయన ముందే నెగటివ్‌ను కత్తెరతో ముక్కలు చేశాను. ఆర్టిస్టునైపోయానని గర్వం కలిగింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం కొమురయ్య వచ్చాడు. యార్డులో బస్తాలు మోసే హమాలీ.

“సార్, మిర్చి కాడ నవ్వే ఫోటో మీ అద్దాల ఉండె గదా, ఆమె మా ఇంటామె. కండ్లు పచ్చవడి, పసిరికలై సచ్చిపోయింది సార్. వచ్చే నెల ఏడాది మాసికం. గోడకు పెడదామంటే ఇంట్ల ఒక్క ఫోటో లేదు. గదొక్కటి తీసియ్యుండ్రి.”

“అప్పుడే వచ్చి అడగకపోయినవా కొమురయ్యా?”

“ఇద్దరం అచ్చి బయట నిలవడి చూసి పోయినం సార్. లోపటికి రానీకె ఆమె సిగ్గువడ్డది. అద్దాల్నే ఉంటది గదా, యాడికి పోతది అనుకున్నం.”

నెగటివ్ పాడైపోయిందని చెప్పాను. ఎలా పాడైందో చెప్పే ధైర్యం చాలలేదు. ఒక్క కాపీ అయినా తీసి పంపమని బొంబాయికి ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. నాలుగు అమ్ముడుపోయాయట. మిగిలిన ఒక్కటి ఇరవై వేలు. దాన్నుంచి కాపీ తీస్తే కొన్నవాళ్లకు అన్యాయం చేసినట్టట.

ఫోటో లేకుండా పోయినవాళ్లకు మా పనిలో ఒక దారి ఉండేది. పోలిక ఉన్న తోబుట్టువును కూర్చోబెట్టి తీసి, రీటచింగ్ చేసేవాళ్లం, అంటే నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముఖం దిద్దడం. కొమురయ్య తన మరదలిని తీసుకొచ్చాడు. అతను చెబుతుంటే నాలుగు రోజులు దిద్దాను. కళ్ల కింద గీతలు చెరిపాను, లోపలికి పోయిన బుగ్గలు నింపాను, ప్రింటు మీద కుంచెతో పుట్టుమచ్చ పెట్టాను. నవ్వు మాత్రం తేలేకపోయాను. అక్క మాసికం కోసం కెమెరా ముందు కూర్చున్న మనిషి ఎలా నవ్వుతుంది?

కొమురయ్య ప్రింటు పట్టుకుని చాలాసేపు చూశాడు.

“మంచిగ చేసిండ్రు సార్. గని ఈమె మా మరదలే.”

ఇక దాచలేక అంతా చెప్పేశాను, మూడు వేలతో సహా. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“అయితే ఆమె ఇప్పుడు ఎవలింట్ల ఉన్నది సార్?” అన్నాడు.

తెలియదన్నాను.

కొన్ని ఫోటోలకు అంత ధర ఎందుకని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. వెలుగనీ, కళ అనీ ఏవో చెప్పొచ్చు. నాకు తెలిసిందల్లా, అది ఇంకొకరికి దొరకకుండా చేస్తేనే ఆ ధర వస్తుందని. ఆ ఇంకొకరు ఎవరో ఆలోచించకుండా నేను కత్తెర పట్టాను. తర్వాత మళ్లీ ఏ నెగటివ్‌నూ కోయలేదు, కానీ దానివల్ల కొమురయ్యకు ఒరిగిందేమీ లేదు. అతను ఆ ప్రింటే తీసుకెళ్లి గోడకు పెట్టుకున్నాడు. ఏటా ఆమె పోయిన రోజున, బతికున్న మరదలి ఫోటోకు దండ వేస్తాడు.