కాలు తగిలితే

నాకు కోపం ఎక్కువ. ఇదేమీ గొప్పగా చెప్పుకోవడం కాదు, మా ఇంట్లో అందరూ ఏనాడో ఒప్పేసుకున్న సంగతి. బళ్లో లెక్కలు చెప్పేటప్పుడు నా గొంతు మూడు గదుల అవతలికి వినిపించేదట. అలాంటి నాకు, దక్షిణాఫ్రికాలో డర్బన్ వచ్చిన రెండో చలికాలంలో, గుక్కెడు నీళ్లు అడగడానికి రెండుసార్లు ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది.

ముందు విరేచనాలు పట్టుకుని తగ్గిపోయాయి. వారం తిరక్కుండా అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. ఆషర్‌విల్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి మెట్లు దిగుతూ కూలబడ్డాను. చెప్పు జారిందనుకుని చెప్పుల్ని తిట్టుకున్నాను. సాయంత్రానికి మోకాళ్లు పోయాయి, మర్నాటికి నడుము, మూడో రోజుకి చేతులు. మా ఆయన మొబేనిలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. గ్రీజు మరకల చొక్కాతోనే పరిగెత్తుకొచ్చి నన్ను రెండు చేతులా ఎత్తుకుని కార్లో పడుకోబెట్టారు. నరాల జబ్బు అన్నారు డాక్టర్లు. రోగాన్ని తరమాల్సిన ఒంటి బలమే దారి తప్పి నరాల మీద పడిందట. ఊపిరి అందక పన్నెండు రోజులు మిషను మీద ఉన్నాను. ఆ పన్నెండు రోజులూ నాకు గుర్తు లేవు. లేకపోవడమే మంచిదయింది.

తర్వాత వార్డుకి మార్చారు. మెడ తిరిగేది, మాట గుసగుసగా వచ్చేది, మెత్తటిదేదైనా మింగగలిగేదాన్ని. మెడ కింద మాత్రం నేను లేను. బలం తిరిగొస్తుంది, నెలలు పట్టొచ్చు అన్నారు. అయితే వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి దాచకుండా ఒక మాట చెప్పింది. బలం వచ్చేలోగా మడమ వెనక కండ బిగుసుకుపోతే పాదం కిందికి వంగి అలాగే ఉండిపోతుందట. అప్పుడు కాళ్లలోకి ఎంత బలం వచ్చినా నేల మీద నిలబడలేను. అందుకని రోజుకు మూడుసార్లు ఎవరో ఒకరు నా పాదాల్ని పట్టుకుని పైకి నెట్టాలి. ఆ పిల్ల రోజుకొకసారే రాగలదు. మిగతా రెండుసార్లూ వార్డు నర్సు పని.

ఆ పని ‘మా’ మీద పడింది. చిన్న నర్సులందరూ ఆమెని అలాగే పిలిచేవాళ్లు. అక్కడి జూలూ భాషలో అమ్మా అన్నట్టే. అరవైకి దగ్గర పడిన మనిషి, బరువైన నడక, వెచ్చటి చేతులు. రంగుల వేరుపాటు పోయి కొత్త ప్రభుత్వం వచ్చి అప్పటికి ఏడాది దాటింది. అంతకుముందు ఆ వార్డు తెల్లవాళ్లకే. తలుపు మీద పాత బోర్డు పీకేసిన చోట నాలుగు మేకుల బెజ్జాలు ఇంకా ఉండేవి. ఆమె ఇరవై ఏళ్లు పక్క భవనంలో, మంచాలు చాలక నేలమీద పడుకున్న రోగుల మధ్య పనిచేసిందట. ఇటు వచ్చి కొద్ది నెలలే. నేను వార్డుకి వచ్చిన రోజునుంచీ నాకు చెంచాతో టీ పట్టింది, ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది, నన్ను ‘మై చైల్డ్’ అని పిలిచింది. మా అమ్మ సముద్రం అవతల ఉంది. ఆ పిలుపు వింటే నాకు కళ్లు చెమర్చేవి.

కాళ్ల వ్యాయామం మొదలైన రోజు పొద్దున ఆమె మంచం చివర కూర్చుని దుప్పటి తొలగించింది. నా మడమను అరచేతిలోకి తీసుకుని, అరికాలిని తన ముంజేతికి ఆనించుకుని, ఒళ్లంతా ముందుకు వంచి నెట్టింది. నా కాలివేళ్లు ఆమె గుండెకు తగిలాయి.

ఆమె మా అమ్మ కంటే పెద్దది. మన ఇళ్లలో పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటాం. బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్లకు తగిలినా చెయ్యి దానంతటదే వెళ్లి వాళ్లను తాకి కళ్ల దగ్గరికి వస్తుంది. నా చెయ్యి వెళ్లలేదు. దుప్పటి మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ఆమె మళ్లీ నెట్టింది, మళ్లీ తగిలింది. పదిసార్లు తగిలితే పది పాపాలు, తీర్చుకునే చెయ్యి లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది.

“వద్దు. నన్ను ముట్టుకోవద్దు. వేరే ఎవరినైనా పిలవండి.”

ఇంగ్లీషులో నేనన్న మాటలు ఇవే. ఎందుకు వద్దో చెప్పాల్సిన ముక్కలన్నీ ఊపిరి చాలక లోపలే ఉండిపోయాయి.

ఆమె నా పాదాన్ని నెమ్మదిగా దించింది. అది వాలిపోకుండా దిండు ఆనించింది. దుప్పటి సర్దింది. “సరే, మేడమ్” అని వెళ్లిపోయింది.

ఇక్కడ ఆ మాట ఎవరు ఎవరిని అంటారో నాకప్పటికే తెలుసు. ఇళ్లలో గిన్నెలు తోమి, పిల్లల్ని పెంచే ఆడవాళ్లు ఆ ఇంటి ఇల్లాలిని పిలిచే పిలుపు అది. తల కొట్టేసినట్టయింది నాకు.

చెప్పుకోవచ్చు కదా అంటారు. ఒప్పు నా వైపుంటే నాకు ఎంత నోరో, తప్పు నాదని తెలిశాక అంత మూగదాన్ని. మర్నాటినుంచి ఒక చిన్న నర్సు వచ్చి, పాపం ఆమెకు పది పనులు, గబగబా నాలుగుసార్లు నెట్టి పోయేది. ‘మా’ మాత్రం నాకు టీ పట్టడం మానలేదు, ఒళ్లు తుడవడం మానలేదు. దేనిలోనూ లోటు చెయ్యలేదు. కాళ్ల జోలికి వచ్చేది కాదు, మై చైల్డ్ అనేది కాదు, అంతే. ఆ అంతేతోనే నాకు ముద్ద దిగేది కాదు. నాలుగో రోజు ఫిజియో అమ్మాయి నా ఎడమ పాదాన్ని పట్టుకుని చూసి, మొహం చిట్లించి, ఇది కిందికి దిగుతోంది, సరిగ్గా చేయిస్తున్నారా అని అడిగింది. నేను పైకప్పుకేసి చూశాను. మా ఆయన వచ్చినప్పుడు చెబితే, ఆయన నా మొహంకేసి చూసి, ఈ పరిస్థితిలో కూడా నోరు పారేసుకోవాలా అన్నారు. ఆయనకీ విషయం సగమే అర్థమైంది.

పక్క మంచం మీద ఊరి శివారు అవోకా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ ముత్తాత చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. షుగరు వల్ల ఆవిడకి కుడి పాదం సగం తీసేశారు. ఎన్నో ఏళ్లు మార్కెట్లో కూరగాయలు అమ్మింది కాబట్టి జూలూ నీళ్లలా వచ్చేది, ఇంగ్లీషు సరేసరి. తెలుగు మాత్రం వాళ్ల అవ్వ దగ్గర విన్న నాలుగు మాటలే మిగిలాయి. తననీ అవ్వా అనే పిలవమంది. ఆవిడ ఆ నాలుగు రోజులూ నన్ను కనిపెట్టి చూస్తూనే ఉంది.

“ఏల అమ్మీ, ఆ నర్సమ్మని ఏల వొద్దు అన్నావు?” అని అడిగింది.

గుసగుసగా, ఆగి ఆగి, మొత్తం చెప్పాను. చెబుతూ ఏడ్చాను. కన్నీళ్లు చెవుల్లోకి పోతుంటే తుడుచుకునే దిక్కు కూడా లేదు. అవ్వ నవ్వలేదు.

“మా అవ్వ గూడా అట్టే. కాలు తగిల్తే దండం ఎట్టు. ఎట్టకపోతే దెబ్బ” అంది. తన సగం పాదంకేసి ఒకసారి చూసుకుని, “ఆ తల్లికి ఎట్ట తెలుస్తాది? నువు సెప్పలే” అంది.

అని ఊరుకోలేదు. అటుగా ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్న ‘మా’ని కేకేసి పిలిచి, జూలూలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నా కాళ్లు చూపించింది, ‘మా’ గుండెకేసి చూపించింది, తన చేత్తో ట్రాలీని తాకి కళ్లకద్దుకుని చూపించింది. తర్వాత నా చేతుల్ని చూపించి, రెండు అరచేతులూ గాల్లో తిప్పింది. ఆమె అంతా విని, వచ్చి నా పక్కన నిలబడింది.

“నన్ను ముట్టుకోవద్దన్నవాళ్లని ఈ ఉద్యోగంలో చాలామందిని చూశాను. నువ్వూ వాళ్లలో ఒకదానివి అనుకున్నాను” అంది, ఇంగ్లీషులో, మెల్లగా. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బావుండేది.

కాదు అన్నాను. కాళ్ల విషయంలో నేనన్నది నిజమే. కానీ ఆ తర్వాత రోజుల్లో పడుకుని ఆలోచించడం తప్ప పనేం లేదు కదా, నన్ను నేనే నిలదీసుకున్నాను. చిన్నప్పుడు మా పెరడు ఊడ్చే ఆమెకు మా నాయనమ్మ పైనుంచి నీళ్లు పోసేది, చెంబు అందించేది కాదు. ముట్టుకోకు అనే మాట నేను నేర్చుకుంది ఆ పెరట్లోనే. ఇన్నేళ్ల తర్వాత ఊపిరాడనప్పుడు, నా నోటికి వేరే ఏ మాటా దొరక్క ఆ మాటే ఎందుకు దొరికింది?  

ఆరోజు నా జవాబు వినగానే ‘మా’ ట్రాలీని పక్కకి నెట్టింది. మంచం చివర కూర్చుంది, దుప్పటి తీసింది, నా ఎడమ పాదాన్ని ముంజేతికి ఆనించుకుని లెక్కపెడుతూ నెట్టింది. నా వేళ్లు ఆమె గుండెకు తగిలాయి. అయిపోయాక లేచి వచ్చి, నా కుడి చెయ్యిని తన చేతిలోకి తీసుకుంది. నా వేళ్లను తన భుజానికి తాకించింది. తర్వాత జాగ్రత్తగా పైకెత్తి, ఒక కంటికీ, ఇంకో కంటికీ అద్దింది.

“ఇలాగేనా?” అని అడిగింది.

ఇలాగేనని తల ఊపాను.

“సరే. కుడి కాలు కూడా చేద్దాం, మై చైల్డ్” అంది.

ఆ తర్వాత అయిదు వారాల్లో ఆమె ఆ పని ఒక్కసారి కూడా మరిచిపోలేదు. వార్డు నిండా రోగులున్నా, పెద్ద డాక్టరు రౌండ్‌కి వస్తున్నా, ఎడమ కాలికొక దండం, కుడి కాలికొక దండం. చిన్న నర్సులు మొదట నవ్వుకున్నారు. తర్వాత ‘మా’ సెలవు పెట్టిన రోజుల్లో వాళ్లూ అలాగే చేశారు. ఒకమ్మాయి తొందరలో మరిచిపోయి వెళ్లిపోతుంటే అవ్వ పక్క మంచం మీంచి “ఏయ్, దండం!” అని అరిచింది. ఆ పిల్లకి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా వెనక్కి వచ్చింది. నా పాదాలు మెల్లగా దారికొచ్చాయి. నాకు మందులు ఎక్కించినవాళ్లకీ, ఊపిరి నిలబెట్టినవాళ్లకీ నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను. కానీ కదల్లేని మనిషికి కూడా మర్యాద ఒకటి ఉంటుందనీ, అది పాటించలేకపోతే ఆ మనిషి లోపల కుళ్లిపోతుందనీ ‘మా’ ఒక్కతే కనిపెట్టింది. ఆ పని ఏ చార్టులోనూ రాసి లేదు.

ఆరో వారంలో ఒక ఉదయం. మంచం తల వైపు ఎత్తి నన్ను ఆనించి కూర్చోబెట్టారు. ‘మా’ నా రెండు కాళ్లూ నెట్టడం అయ్యాక లేచి వచ్చి నా పక్కన వంగింది. భుజం నా చేతికి దగ్గరగా పెట్టింది. నా చెయ్యి మాత్రం తీసుకోలేదు. మరిచిపోయిందనుకున్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, విసుగొచ్చింది.

“మా, దండం” అన్నాను.

ఆమె కదల్లేదు. “నిన్న నీ చెయ్యి నా చెయ్యి కంటే ముందు లేచింది. నువ్వు చూసుకోలేదు. నేను చూశాను” అంది.

అలాగే వంగి ఉంది. ఆ వయసులో నడుం నొప్పి పుట్టి ఉంటుంది.  నేను నా చేతికేసి చూశాను. వేళ్లు కొద్దిగా ముడుచుకున్నాయి. మణికట్టు దుప్పటి మీద ఈడ్చుకుంటూ కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. నా వేళ్ల చివరలు ఆమె భుజం మీది తెల్లటి గుడ్డకు తగిలాయి.

అక్కడినుంచి కళ్లదాకా రాలేకపోయాయి. చెయ్యి సగం లేచి, నా చెంప పక్కన దిండు మీద పడింది. ఆమె సాయం చెయ్యబోయింది. వద్దన్నాను. ఈసారి ఆ మాటకి ఆమె మొహం వాడలేదు.

మెడ ఉంది కదా నాకు. తలే అటు వంచి, చెయ్యి ఉన్నచోటే నా కళ్లకద్దుకున్నాను.