తెర పైమూలన ఖాజా చాచా గుర్తు

దయ్యం సినిమా రోజుకు నాలుగు ఆటలు వేసేవాడికి దయ్యమంటే భయమెందుకుంటుంది? అది ఏ రీల్లో, ఏ తలుపు చాటు నుంచి వస్తుందో నాకు ముందే తెలుసు. కింద జనం కెవ్వుమంటుంటే పైన నేను పల్లీలు తింటూ కూర్చునేవాణ్ని. అలాంటివి నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఈ ఒక్క సంగతి ఎవరైనా విడమరిచి చెబుతారేమోనని ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

మాది గొల్లపల్లి. మా నాన్న కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. నాకు ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవి. అందుకే కోరుట్లలో ఒక టాకీసులో పనికి చేరాను. అక్కడ నాకు ఆపరేటర్ పని నేర్పింది ఖాజా చాచా.

పాత టాకీసుల్లో రెండు మిషన్లుండేవి. ఒకదానిలో ఇరవై నిమిషాల రీలు అయిపోయే సమయానికి రెండోది మొదలుపెట్టాలి. కింద కూర్చున్నవాళ్లకు ఆ మార్పు తెలియకూడదు. అందుకని రీలు చివర తెర కుడివైపు పైమూలన రెండుసార్లు గుర్తు పడుతుంది. మొదటిది పడితే రెండో మిషన్ తిప్పాలి. రెండోది పడగానే దీని వెలుతురుకు మూత వేసి దాని మూత తీయాలి.

మా దాకా వచ్చేసరికి రీళ్లు అరిగి, తెగి, అతుకులు పడి, అసలు గుర్తులు పోయి ఉండేవి. చాచా రీలు మీద సూదితో తన గుర్తు గీసేవాడు. ఇంటూ గుర్తు, ఒక కాలు మాత్రం పొడుగు. చాచాది ఎడమచేయి కాబట్టి ఆ కాలు అలా జారేది. తెర మీద అది రెప్పపాటు ఉండి పోయేది. చూసేవాళ్లెవరికీ కనబడేది కాదు. మాకు మాత్రం కథ కన్నా అదే ముఖ్యం. రెండో గుర్తు పడగానే చాచా తన మూత వేసి, "నాదైంది బేటా, ఇగ నీది" అనేవాడు. ఆటకు ఎన్నిసార్లు మారిస్తే అన్నిసార్లు అనేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా సినిమా రీళ్ల పెట్టెలు కరీంనగర్ నుంచి బస్సు టాపు మీద వచ్చేవి. సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. పెట్టె రాలేదు, వారాల తరబడి తెర చీకటిగానే ఉంది. చాచా ఆ బాధ పడలేదు. రోడ్డు మీద వంటావార్పు పెడితే వెళ్లి ఉల్లిగడ్డలు కోసి వచ్చేవాడు. "పెట్టె రాకుంటే రాకపాయె, తెలంగాణ అస్తది" అనేవాడు.

తెలంగాణ కన్నా ముందు టాకీసు మీదికి డిష్ వచ్చింది. సమ్మెతో నష్టపోయిన మా టాకీసు సేటు ఇక పెట్టెలతో, బస్సులతో పెట్టుకోనన్నాడు. హైదరాబాద్‌లో ఎప్పుడో వచ్చిన డిజిటల్ కరీంనగర్ మీదుగా, జగిత్యాల మీదుగా నిదానంగా నడుచుకుంటూ మా ఊరికి చేరింది. సినిమా ఆకాశం నుంచి దిగుతుందట. నాకు కంప్యూటర్ కాస్త తెలుసని ఆ డిజిటల్ పెట్టె దగ్గర నన్ను కూర్చోబెట్టారు. మిషన్లు పాత ఇనుముకు పోయాయి. చాచాను గేటు దగ్గర టికెట్లు చింపడానికి నిలబెట్టారు.

చాచాకు ఆ బొమ్మ నచ్చలేదు. "గీ బొమ్మల గడులు గడులు కనవడ్తున్నయ్ రా. రీల్ల అయితే హీరోయిన్ ముక్కు మీద చెమట సుక్క సుత కనవడ్తుండె" అనేవాడు. అబద్ధం కాదు. మొదట్లో మాకు వచ్చిన డిజిటల్ అంతంత మాత్రమే.

ఒకరోజు మ్యాట్నీ నడుస్తుండగా చాచా పైకి వచ్చి నా వెనక నిలబడ్డాడు. డిజిటల్ కంపెనీ నుంచి వచ్చిన టెక్నీషియన్ కూడా అక్కడే ఉన్నాడు. ఇరవై నిమిషాలు కాగానే చాచా రెండడుగులు వేసి, రెండో మిషన్ ఉండే చోట చేయి పెట్టాడు. అక్కడ మిషన్ లేదు. చేయి గాలిలో ఆగిపోయింది. టెక్నీషియన్ కిసుక్కున నవ్వాడు. నాకు నామోషీ అనిపించింది. "ఇగ నీతోని ఇక్కడ పనిలేదు చాచా, కిందికి పో" అన్నాను.

చాచా దిగిపోయాడు. మళ్లీ ఎప్పుడూ పైకి రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవచ్చు, రోజూ గేటు దగ్గర కనబడే మనిషే. ఇవాళ కాదు రేపు అనుకుంటూ సంవత్సరం పైనే గడిపాను.

ఒక చలికాలం చాచా గుండె ఆగి పోయాడు. నేను సిరిసిల్లలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఆ రోజు బంద్. బస్సు లేదు, ఆటో లేదు. వేములవాడ దాకా నడిచాను. అక్కడినుంచి ఎవరెవరి బండ్ల మీదో కథలాపూర్ దాటి కోరుట్ల చేరేసరికి నాలుగయింది. మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేసేశారు.

చాచా వాళ్లలో ఎవరైనా దూరం పోతుంటే ఒక మాట అంటారు, కహా సునా మాఫ్ అని. అన్నదీ విన్నదీ మన్నించమని. మనిషి పోయినప్పుడూ అంటారు. నేను కబరస్తాన్ గేటు బయట నిలబడ్డాను గానీ ఆ మాట నోటికి రాలేదు. ఆ మాటను చాచా వినాలి కదా.

తర్వాత రెండు నెలలకనుకుంటా, కొత్త సినిమా మ్యాట్నీ ఆటలో తెర కుడివైపు పైమూలన ఇంటూ గుర్తు పడింది. ఒక కాలు పొడుగు. నేను లేచి నిలబడ్డాను. లేచాక గుర్తొచ్చింది, రీలే లేదు కదా అని. కొన్ని క్షణాలకు మళ్లీ పడింది. తర్వాతి ఆటలో అదే చోట కళ్లార్పకుండా చూశాను, ఏమీ లేదు. ఇరవై ఏళ్లు ఆ మూలనే చూసిన కళ్లు, వాటికి అలవాటు పోలేదని సరిపెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ రోజుకు ఆ కారణమే చెబుతాను.

కానీ చాచీ సంగతి ఉంది.

చాచా చిన్న కొడుకు సౌదీలో ఉంటాడు. నాన్న రోజూ ఫోన్లో గడులు గడులని సణుగుతుంటే, ఇది చూసైనా ఒప్పుకుంటాడని ఫోర్ కే టీవీ కొని కార్గోలో వేశాడు. అది చాచా పోయిన నెలకు చేరింది. చాచీ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అట్టపెట్టె గోడకు ఆనించే ఉంది. ఇద్దత్ తీరాక నాకు కబురు పెట్టింది.

ఎండాకాలం, పొద్దున పదకొండు గంటలు. టీవీ గోడకు బిగించాను. అప్పట్లో దానిలో వేయడానికి తగిన సినిమాలే లేవు. టీవీ కంపెనీ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో పది నిమిషాల నమూనా బొమ్మ మాత్రం ఉంది. పూలు, తేనె, రామచిలుకలు. గల్ఫ్ నుంచి ఇలాంటి టీవీ వచ్చిన ఇంటికి జనం వెళ్లి ఆ చిలుకలనే నాలుగేసి సార్లు చూసి వచ్చేవారు.

బొమ్మ వేసి, వెనక వైరు సరిచేయడానికి టీవీ పక్కకు పోయాను. చాచీ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆపరేటర్ పెళ్లామై ఉండీ ఆమె ఒక్కసారి కూడా టాకీసుకు రాలేదు.

"రాజేశం, గా మూలకు ఇంటూ లెక్క ఏందో వడ్డది, జూసినవా?" అంది.

నేను ముందుకు వచ్చేలోపే, "అగో, మల్ల" అంది. నాకు చిలుక ఒక్కటే కనబడింది.

ఏ మూలన అని అడిగితే కుడివైపు పైన చూపించింది. ఎలా ఉందని అడిగితే అట్టపెట్టె మీది దుమ్ములో వేలితో గీసింది. ఒక కాలు పొడుగు, ఎడమచేత్తో గీస్తే జారినట్టు. చాచీది కుడిచేయి వాటం.

బొమ్మ ఆరుసార్లు తిప్పి వేశాను. మళ్లీ పడలేదు. చాచా ఎప్పుడైనా ఈ గుర్తు గీసి చూపించాడా, రీలు ముక్కలేమైనా ఇంటికి తెచ్చాడా అని అడిగాను. "పని ముచ్చట ఇంట్ల తియ్యకపోతుండె" అంది. టీవీ లోపమేమోనని కరీంనగర్‌లో తెలిసిన మెకానిక్‌ను అడిగాను. లోపమైతే అక్కడే ఉండిపోతుంది గానీ వచ్చి పోదన్నాడు.

ఆ గుర్తు దేనికో చాచీకి చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. చాచాను నేనేమన్నానో, ఎవరి ముందు అన్నానో కూడా చెప్పేశాను. కహా సునా మాఫ్ అని ఆమె ముందు చేతులు జోడించాను.

 "ఏ దినం?" అంది చాచీ. గాలిలో చేయి పెట్టిన రోజు, మ్యాట్నీ అప్పుడు అన్నాను. ఆ చేయి సంగతి ఆమెకు తెలియదు. కానీ ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడని గుర్తు చేసుకుంది.

"ఎన్నడు లేంది అంత జల్ది ఎందుకచ్చినవ్ అని అడిగిన. 'రాజేశానికి మిషన్ అప్పజెప్పచ్చిన, ఇగ వాడే జూస్కుంటడు' అన్నడు. బువ్వ వెట్టు అని కడుపునిండ తిన్నడు. నువ్వు గిట్ల అన్నవని ఒక్కమాట చెప్పలే బేటా."

తెలంగాణ వచ్చింది. చాలా ఏళ్లకు మా టాకీసుకు కూడా మంచి ప్రొజెక్టర్ వచ్చింది. ఇప్పుడు హీరోయిన్ ముక్కు మీద చెమట చుక్కేమిటి, మేకప్ పగుళ్లు కూడా కనబడతాయి. ఆ గుర్తు మాత్రం మళ్లీ నాకూ కనబడలేదు, చాచీకీ కనబడలేదు. రీలు లేని బొమ్మ మీద సూది గీత ఎలా పడిందో, చాచీ చేతికి ఆ పొడుగు కాలు ఎలా వచ్చిందో నేను చెప్పలేను. ఆట మొదలైన ఇరవై నిమిషాలకు మాత్రం, చేయడానికి పనేమీ లేకపోయినా, లేచి నిలబడతాను.