తెరేసమ్మ ఎక్కితేనే లేచే కారు

భవానీపురంలో జయపాల్ కారును ఎరగనివాళ్ళు తక్కువ. పదహారేళ్ళ డీజిల్ బండి. వెనక ఎడమవైపు అద్దాన్ని అరచేత్తో నొక్కి దించాలి, మళ్ళీ పైకి రావడం దాని ఇష్టం. ఏసీ డ్రైవరు మోకాళ్ళను మాత్రమే చల్లబరుస్తుంది. ఇవన్నీ జయపాల్ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. పొద్దున్నే ఉయ్యూరులోని కాలేజీకి తానొక్కడే బయలుదేరితే బండి మొండికేస్తుంది. ఆదివారం భార్య తెరేసమ్మతో పామర్రు బయలుదేరితే మాత్రం తాళం తిప్పగానే లేస్తుంది.

ఆటోనగర్ మెకానిక్ జక్కయ్యకు ఈ ఫిర్యాదు పదిసార్లు చెప్పాడు. వీధివాళ్ళు తోస్తే లేచిన బండి, ఆటోనగర్ చేరేసరికి మహా బుద్ధిగా ఉండేది.

"బండి బానే ఉందండీ. మీకే అనుమానం ఎక్కువైంది," అనేవాడు జక్కయ్య.

"మా ఆవిడ ఎక్కితేనే లేస్తందయ్యా," అని జయపాల్ అంటే షెడ్డంతా నవ్వేది.

ఆ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటైన జయపాల్ మూడోసారి ఆలస్యంగా వచ్చేసరికి ప్రిన్సిపాల్ మెమో ఇచ్చారు. ఆ సాయంత్రమే జయపాల్ బండి అమ్మేస్తానన్నాడు. పామర్రులో మంచాన ఉన్న అక్క అమలమ్మను చూడటానికి తెరేసమ్మ వెళ్ళేది ఆ బండిలోనే. నడుం నొప్పితో బస్సెక్కలేదు. అది తెలిసే జయపాల్ మొహం తిప్పుకున్నాడు.

శనివారం పొద్దున, కొనడానికి రామకోటేశ్వరరావు వచ్చాడు, బండి చూసి చెప్పడానికి జక్కయ్యను వెంటబెట్టుకుని. జయపాల్ తాళం తిప్పాడు. గరగరమని ఊరుకుంది. ఇంకోసారి తిప్పాడు. అంతే. జక్కయ్య మొహంలో నవ్వు పోయింది. చల్లబడి ఉండగా ఆ బండిని అతను చూడటం అదే మొదలు.

"ఏమండీ, పరాయింటికి పోయే ముందు ఒక్కసారి జపం చెప్పుకుందాం," అంటూ తెరేసమ్మ ఎక్కి కూర్చుంది.

ఆ ఇంటి ఆనవాయితీ అది. ఉక్కపోతకు ఫ్యాను తిరిగేలా తాళం ఆన్ చేసి, తలలు వంచి, జపం ముగిశాకే బయలుదేరతారు. ఒంటరిగా వెళ్ళేటప్పుడు మాత్రం జయపాల్, బందరు రోడ్డెక్కాక చూద్దాంలే అనుకునేవాడు. తెరేసమ్మ పరలోక జపం చెప్పింది, మంగళవార్త జపం చెప్పింది. ఆపైన సొంత మాటల్లో, ఈ బండిలో కూతురు బ్లెస్సీని కాన్పుకు వేళకు ఆసుపత్రి చేర్చినందుకు, అక్క మొహం వారం వారం చూపించినందుకు వందనాలు చెప్పింది. జయపాల్‌కు సిగ్గేసింది. ఆమేన్ అని తాళం తిప్పాడు. బండి లేచింది.

రామకోటేశ్వరరావు నోరు తెరిచాడు. జక్కయ్య కిటికీలోంచి తల దూర్చాడు.

"సార్, జపమంతసేపూ తాళం ఆన్‌లోనే ఉందా?"

"ఎప్పుడూ అంతేగా."

"హీటర్లండీ. చల్లగున్నప్పుడు తాళం ఆన్ చేసి, డీజిల్ ఇంజన్లో అయి వేడెక్కిందాకా ఆగాలి. మీయి నీరసపడ్డాయి, ఇంకాసేపు ఆగాలి. అమ్మగారు ఆగుతున్నారు, మీరు ఆగట్లా." కాస్త తటపటాయించి అన్నాడు, "మీరు చెప్పింది నిజమేనండీ. నేనే నవ్వాను."

"ఇంకేం, బండి నేను తీసుకుంటానండీ," అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఏమీ అనుకోకండి, అమ్మట్లేదండీ," అన్నాడు జయపాల్. తెరేసమ్మ కళ్ళు తుడుచుకుని, ముగ్గురికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

సోమవారం జయపాల్ ఒక్కడే కూర్చుని, తాళం ఆన్ చేసి, రెండు జపాలూ చెప్పి, అమలమ్మ పేరు కూడా కలిపాడు. ఉయ్యూరుకు పది నిమిషాల ముందే చేరాడు.

కొత్త హీటర్లు వేస్తే అయిదు సెకన్లు ఆగితే చాలంటాడు జక్కయ్య. చూద్దాంలే అంటాడు జయపాల్.