పై నుంచి తీసిన షాట్

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బెంచీ ఎక్కించి, "వీనికి నోరు తప్ప ఇంకేం లేదు" అన్నాడు. ఆయన జన్మలో తప్పు లేకుండా చేసిన లెక్క అదొక్కటే. ఆ ఏడే బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. అప్పటి నుంచి నోరే నాకు పొలం, నోరే నాగలి. అలాంటి నోటిని ఒక్కచోట, సరిగ్గా తెరవాల్సిన చోట, మూసుకున్నాను. నాలుగేళ్లయింది. నలుగురినీ నవ్వించేవాడి కడుపులో ఇంత బరువుంటుందని ఎవరనుకుంటారు? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. రేపోమాపో తుంగతుర్తి పోయి ఇదే సంగతి ఒకరి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అంతకుముందు నోరు తిరుగుతుందో లేదో ఇక్కడ చూసుకుంటున్నాను.

మొదట్లో సూర్యాపేటలో నాది మైకు ఆటో. బట్టల దుకాణం ఆఫర్లు, తప్పిపోయిన బర్రెలు, ఎవరిది పడితే వాళ్లది, వీధివీధీ తిరిగి అరిచేవాణ్ని. తర్వాత జనం చెవులు మూసుకుని ఫోన్లు తెరిచారు. నేనూ ఆటో అమ్మేసి ఫోన్‌లోకి దూరాను. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో చాలా దుకాణాల పేజీలు నడిపేది నేనే. గొప్పలు కాదు, ఈ పని నాకు వచ్చు. చదువుకున్నవాళ్లు ప్లాన్ అనగానే కంప్యూటర్ తెరుస్తారు. నేను బస్టాండులో బెంచీ మీద కూర్చుని జనం ఎక్కడ నవ్వుతారో చూస్తాను. సూర్యాపేట వాళ్లకు తిట్టు కావాలి. మిర్యాలగూడ వాళ్లకు ధర ముందే చెప్పాలి. కోదాడ వాళ్లకు "ఇది మన ఊరిదే" అంటే చాలు. ఇంతే నా స్ట్రాటజీ. ఇప్పటికీ ఇదే నడుస్తోంది.

కోదాడలో హైవే పక్కన ఒక పచ్చళ్ల కొట్టు ఉండేది. ఓనరు మంచివాడు, కాస్త భయస్తుడు. కొట్టు పేరు నలుగురి నోళ్లలో పడాలని నన్ను పిలిపించాడు. నేను పోయేసరికి లోపల నేరేడుచర్ల వైపు నుంచి వచ్చిన మల్లమ్మ అనే ముసలావిడ మామిడికాయలు కొడుతోంది. బయట బస్సు దిగిన ఒకాయన ఒక్కో పచ్చడీ వేలితో రుచి చూస్తూ నడుస్తున్నాడు. కత్తిపీట మీది నుంచి తల కూడా ఎత్తకుండా ఆమె అన్నది.

"నాలుగు రకాలు నాకినవ్. కడుపు నిండినట్టుంది. కొంటవా, ఇస్తరేసి అన్నం పెట్టాల్నా?"

ఆయన పగలబడి నవ్వి పెద్ద సీసాలు రెండు కట్టించుకుపోయాడు. నాకు దారి దొరికింది. ఆమె తిట్లనే రీళ్లు తీసి పేజీలో పెడదామన్నాను. ఓనరే బెదిరిపోయాడు. "ఏంటయ్యా, కొనడానికొచ్చినోళ్లని ఆవిడ తిడితే మళ్లీ వస్తారంటావా?" అన్నాడు. "తిట్టించుకోడానికే వస్తరు సార్" అన్నాను. వచ్చారు. ముందు తిట్టు, తర్వాత "తిన్నవా బిడ్డా?" అన్న ఒక్క మాట, ఆఖర్న సీసా. ప్రతి రీలుకూ ఇదే వరుస. ఒక్కరోజులోనే వారానికి సరిపడా తీసేవాణ్ని. రోజు మారినట్టు కనబడాలని ఆమెతో చీరలు మార్పించేవాణ్ని. "మైకోడా, నా పెండ్లికి గూడ గిన్ని చీరెలు కట్టలే" అనేది. నా పేరు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. మైకోడా, అంతే.

ఆమెకు ఒక్కతే బిడ్డ, సైదమ్మ. మిర్యాలగూడలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. రీళ్లు పాకేకొద్దీ ఆ వాడకట్టు పిల్లలు సైదమ్మ కనబడితే చాలు, తల్లి తిట్లు అప్పజెప్పడం మొదలుపెట్టారు. అత్తగారింట్లోనూ ఎకసెక్కాలు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్" అని తల్లి మీద అరిచింది. దసరా నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇక్కడ నాకొక్కడికే తెలిసిన సంగతి ఒకటుంది. కొత్త పచ్చడి కలిపినప్పుడల్లా మల్లమ్మ ఒక చిన్న సీసా పక్కకు తీసి పెట్టేది. "ఇది నా బిడ్డకు. దానికి ఎల్లిపాయ ఎక్కువుండాలె. కోపం దిగినంక పంపుత" అనేది. తన కోపం కాదు, బిడ్డ కోపం దిగాక. ఆమెకు కోపమే లేదు. ఈ మాట మరిచిపోకండి. నేను మరిచిపోలేకపోతున్నాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఆవకాయ సీజన్ ఇంకా మొదలు కాకముందే, మల్లమ్మ ఒకరోజు పొద్దున నిద్ర లేవలేదు.

ఏడ్చాను. అబద్ధం కాదు. కానీ నా బుర్ర వేరు, నా కళ్లు వేరు. కళ్లు ఏడుస్తుంటే బుర్ర సీజన్ గురించి ఆలోచిస్తోంది. ఓనరు పాపం, ఫొటోకు దండ వేసి పేజీలో పెడితే చాలన్నాడు. నేనే వద్దన్నాను. జనం గుండెలో దిగబడే రీలు తీస్తానన్నాను. అప్పటికే పెళ్లిళ్లు తీయడానికి ఒక డ్రోన్ కొని పెట్టుకున్నాను.

మూడో రోజు పిట్టకు పెడతారు కదా. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి, కాకి కోసం చూస్తారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. వాళ్ల ఊరి సాగర్ కాలువ కట్ట పక్కన, తుమ్మచెట్టుకు కాస్త ఎడంగా, సైదమ్మ తన చేత్తో విస్తరి పెట్టింది. నేను కట్టకు అవతల, ఎవరికీ కనబడకుండా, బండి మీద కూర్చుని డ్రోన్ లేపాను. చప్పుడు వినబడదా అంటారేమో. వినబడింది. చుట్టూ వరి. పొలాలకు మందు కొట్టే డ్రోన్లు ఆ రోజుల్లో తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ తలెత్తలేదు. మనుషుల సంగతి చెబుతున్నాను. కాకులు ఎత్తాయి.

నాకు కావాల్సింది ఒక్కటే షాట్. కింద విస్తరి, చుట్టూ మనుషులు, పై నుంచి కాకి చూసినట్టు. కొంచెం దించాను. తుమ్మచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఫోన్‌లో చూశాను. అయ్యో అనుకుని పైకి లేపాను. కాసేపటికి ఒక కాకి తిరిగి వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. విస్తరి వైపు దిగుతోంది. షాట్ కుదురుతోంది.

మళ్లీ దించాను.

మొదటిసారి తెలియక చేశాను. దానికి దేవుడు కూడా నన్ను ఏమీ అనడు. రెండోసారి? తెలిసే దించాను. ఎందుకు దించావురా అని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. వచ్చే జవాబు ఒకటే, సిగ్గులేని జవాబు: ఫ్రేమ్ బాగుంది.

ఆ కాకి మళ్లీ రాలేదు. బ్యాటరీ అయిపోయాక డ్రోన్‌ను సంచిలో పెట్టి, అప్పుడే వచ్చినవాడిలా కట్ట దిగి, చేతులు కట్టుకుని గుంపులో నిలబడ్డాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒక్కొక్కరూ ముందుకు పోయి దండం పెట్టి మొక్కుతున్నారు. మనవణ్ని మంచిగా చదివిస్తాం అని ఒకరు, ఇల్లు మరమ్మతు చేయిస్తాం అని ఒకరు. కాకి రాలేదు. ఆఖర్న సైదమ్మ నేల మీద కూలబడి, "అమ్మా, అనరాని మాటన్న. తప్పైంది. ముట్టవే" అని ఏడ్చింది. గుంపులో మల్లమ్మ వాళ్ల అక్క ఉంది, తుంగతుర్తి నుంచి వచ్చిన పెద్దావిడ. అందరూ వినేటట్టు అన్నది.

"బిడ్డ పెట్టింది ముట్టదట. కడుపుల కోపం పోలే దానికి."

ఎవరూ కాదనలేదు. విస్తరి ఆవుకు పెట్టేశారు. అప్పుడు సైదమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, రోజు ఆమె ఎంబడే ఉండేటోడివి. నా మీద ఏమన్న అన్నదా?"

చిన్న సీసాల గురించి చెప్పొచ్చు. ఎల్లిపాయ గురించి చెప్పొచ్చు. కానీ నోరు తెరిస్తే దాని వెనకే డ్రోన్ కూడా బయటికొస్తుందని భయం. సంచి నా భుజాన్నే ఉంది, ఇంకా వేడిగా.

"ఏమనలే అక్కా" అన్నాను, తల దించుకుని.

తల దించుకుని చెప్పే "ఏమనలే" ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏదో అన్నది, వీడు దాస్తున్నాడు అన్నట్టే ఉంటుంది. ఆమె అట్లాగే తీసుకుంది. ముఖం చూస్తే తెలిసిపోయింది. జీవితంలో ఎన్ని అబద్ధాలు చెప్పానో, ఆ ఒక్క నిజం చేసినంత పాడు ఏ అబద్ధమూ చేయలేదు.

రీలు వేశాను. కాకులు లేచిపోయిన ముక్క కత్తిరించి, "అవ్వ పై నుంచి చూస్తోంది" అని రాశాను. నేను చేసినవాటిలో అంతగా పాకింది ఇంకోటి లేదు. మూడు ఊళ్లలో ఆడవాళ్లు దాన్ని చూసి ఏడ్చారు. ఆ ఏడు సీజన్ అంతా దాని మీదే నడిచింది. అది డ్రోన్ షాట్ అని అందరికీ తెలుసు. డ్రోనూ కాకీ ఒకే ఆకాశంలో తిరుగుతాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. అవ్వ పై నుంచి చూస్తోందట! పైన ఉన్నది నేను.

తర్వాత నా పని బాగానే సాగింది. పనిలో నా చెయ్యి వణకలేదు, అదీ చెప్పాలి. బరువు మోసేవాడు కుంటుతూ నడుస్తాడనుకుంటారు. నేను హుషారుగానే నడిచాను. డ్రోన్ మాత్రం అమ్మేశాను. ఎందుకమ్మావని అడిగినవాళ్లకు ఏదో జోకు చెప్పాను.

పోయిన నెల ఒక బట్టల దుకాణం పని మీద మిర్యాలగూడ పోయాను. కాళ్లు వాటంతట అవే సైదమ్మ ఇంటికి తీసుకుపోయాయి. మధ్యాహ్నం. ఆమె అన్నం కలిపి, తను తినకముందు ఒక ముద్ద తీసి ప్రహరీ గోడ మీద పెట్టింది. కాకి వచ్చి ఎత్తుకుపోయింది. "వచ్చింది కదక్కా" అన్నాను, ఆశగా. ఆమె నవ్వింది. "ఇవి టౌను కాకులు తమ్మీ. ఎవలు పెట్టినా తింటయ్" అన్నది. నాలుగేళ్లుగా రోజూ పెడుతోందట.

ఇక ఆగలేకపోయాను. తెలియక దించింది, తెలిసి దించింది, సంచి, చిన్న సీసాలు, ఎల్లిపాయ, "కోపం దిగినంక పంపుత", ఏదీ కత్తిరించకుండా వరుసగా చెప్పాను. జోకు ఒక్కటీ రాలేదు. చెబుతుంటే గొంతులో ఎన్నాళ్లుగానో అడ్డంపడ్డ మెతుకు దిగుతున్నట్టు అనిపించింది. క్షమించమని అడగలేదు. మంచి మనిషి, అడిగితే క్షమించేస్తుందేమోనని భయం. ఆమె మిషను మీద చెయ్యి పెట్టుకుని, కుట్టు సగంలో ఆపిన జాకెట్టును చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. తిట్టలేదు. ఆ తల్లి బిడ్డే కదా, ఒక్క తిట్టన్నా తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు.

ఇక నాకు వచ్చిన పనే ముందుకు తెచ్చాను.

"అక్కా, నేనొక వీడియో పెడ్త. నా మొఖం సూపిచ్చి, తప్పు నాదే అని చెప్త. మూడూళ్లల్ల అందరు సూస్తరు. లక్షలమంది సూస్తరక్కా."

ఆమె సూదిలో దారం సరిచేసుకుంది. నా వైపు చూడకుండానే అన్నది.

"లక్షలమంది నన్నేం అనలే తమ్మీ. అన్నది మా పెద్దమ్మ ఒక్కతే. తుంగతుర్తిల ఉంటది. పోయి, ఎదురుంగ కూసొని చెప్పు. ఆమె తాన ఫోన్ లేదు."