దీపం నూనెలో నానిన తోలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తోలు వస్తువేదీ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. చెప్పులు మెట్ల కింద ఉండేవి. నాన్న ఆఫీసు బెల్టు, తోలు పట్టీ ఉన్న చేతి గడియారం వరండాలో మేకుకు వేలాడేవి. మాది మెట్టుగూడలో రైల్వే క్వార్టరు. రెండు గదులు, ఒక వంటిల్లు, ఆ వంటింట్లోనే ఒక మూల నానమ్మ దేవుడి గూడు. అంత చిన్న ఇంట్లో అంత పెద్ద నియమాన్ని నానమ్మ ఒక్కతే నడిపేది. నాకది ఎప్పుడూ బరువనిపించలేదు. అలాంటి ఇంట్లో పెరగడం నా అదృష్టం. కాని ఆ నియమాన్ని నేనెంత తప్పుగా అర్థం చేసుకున్నానో పదేళ్ళ వయసులో ఒక పాత గాలి తుపాకీ వల్ల తెలిసింది.

నేను బడికి వెళ్ళలేదు. ఐదో ఏట వచ్చిన జ్వరం నా గుండెను బలహీనం చేసిందని, పరుగులూ బరువులూ వద్దని డాక్టరుగారు చెప్పారు. అందుకని మా తాతయ్యే ఇంట్లో చదువు చెప్పాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో బ్రేకుల ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పంచాంగంలో అక్షరాలు, రైళ్ళ టైంటేబుల్లో కూడికలు, స్పానర్ల మీద ఉండే అంకెలతో భిన్నాలు నేర్పాడు. అంతకంటే మంచి బడి నాకు దొరికి ఉండేది కాదు. భగవంతుడికి ఆ సంగతి రోజూ చెప్పుకుంటూనే ఉంటాను.

ఆ ఏడాది తాతయ్య కళ్ళకు పొర కమ్మింది. మనుషులు నీడల్లా కనిపిస్తున్నారనేవాడు. అయినా వరండాలో ఉన్న ఇనుప పనిముట్ల పెట్టె జోలికి పోవడం మానలేదు. ఒకరోజు రంపం జారి ఎడమ చేతి వేలు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రక్తం చూసి నాన్న బాగా బెదిరిపోయాడు. ఆయనకు భయం వేస్తే అది కోపంలా బయటికి వచ్చేది.

"ఇగ చాలు నాయినా. ఆ పెట్టె ఇంట్ల ఉంటే నువ్వు ఊకుండవు. మా ఆఫీసు ప్యూన్ తమ్ముడు సీతాఫల్‌మండిల షాపు పెట్టుకున్నడు. ఆదివారం వస్తడు, తీస్కపోతడు."

తాతయ్య ఆనాటి నుంచి అన్నం సగమే తినేవాడు. నాకు పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నామో నన్నే అడిగేవాడు.

అదే వారం పక్క క్వార్టరులోని ఇంజన్ డ్రైవరుగారు ఒక పొడుగాటి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన ఆంగ్లో ఇండియన్. నాన్నా తాతయ్యా డ్రైవర్ సాబ్ అని పిలిచేవారు. సంచిలో ఉన్నది వాళ్ళ నాన్న కాలం నాటి గాలి తుపాకీ. గొట్టం కింద ఒక చెక్క పిడి ఉండేది. దాన్ని కిందికి లాగి మూస్తే లోపల గాలి చేరుతుంది. ఎనిమిదిసార్లు కొడితే పెరడు అవతల పెట్టిన డబ్బా ఎగిరి పడేదట. ప్రతి క్రిస్మస్‌కు వాళ్ళ కుటుంబమంతా పిక్నిక్‌కు వెళ్ళి దానితో డబ్బాలు కొట్టేవారు. మూడేళ్ళుగా అందులో గాలి నిలవడం లేదు. షాపుల్లో అడిగితే దీనికి సామాన్లు రావన్నారు.

"ఏం మ్యాన్ మేస్త్రీ, రైళ్ళనే ఆపినవ్. ఇది ఒక లెక్కా నీకు?"

"ఆయనకు చూపు ఆనతలేదు సాబ్," అన్నాడు నాన్న.

"చూపు పోయింది. చెవులు ఇంక రిటైర్ గాలే," అన్నాడు తాతయ్య కుర్చీలోంచి. తర్వాత నాన్న గొంతు వినిపించిన వైపు తిరిగి, "ఆదివారం దాంక టైమియ్యిరా. ఇది పలికితే పెట్టె ఇంట్లనే ఉంటది. పలకలేదనుకో, నేనే ఎత్తిస్త," అన్నాడు.

నాన్న తాతయ్య వేలి కట్టు వైపు చూశాడు. "సరే. కాని కోసుడు, ఆకురాయితో రాకుడు పిల్ల చేస్తది. నువ్వు బ్లేడు ముట్టొద్దు," అన్నాడు. అలా నేను తాతయ్యకు కళ్ళూ వేళ్ళూ అయ్యాను.

తాతయ్య నాలుగుసార్లు పంపు కొట్టి, గొట్టానికి చెవి ఆనించి విన్నాడు. గొట్టం కొసను చెంబులోని నీళ్ళల్లో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడమన్నాడు. వస్తున్నాయన్నాను. రెండు చోట్ల పోతోందని తేల్చాడు. ఒకటి లోపలి వాల్వు, రెండోది పంపు. వాల్వుకు సైకిలు పెడల్ రబ్బరు ముక్క కోసి వేశాం. పంపు కడ్డీ చివర చిన్న గిన్నెలా ఒక తోలు వాషరు ఉంది. అది ఎండిపోయి, అంచులు చిట్లి, ముట్టుకుంటే పొడి రాలింది. వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర మందపాటి తోలు ముక్క తెచ్చుకున్నాం. నీళ్ళల్లో నానబెట్టి, ఒక బోల్టు తల మీద పరిచి, చుట్టూ ఇనుప రింగు దిగ్గొట్టి రెండు రోజులు ఆరనిచ్చాం. గిన్నె ఆకారం వచ్చింది. అంచు నేను బ్లేడుతో సరిచేస్తుంటే తాతయ్య చెయ్యి నా మణికట్టు మీద ఉండేది. నేను తొందరపడితే ఆ చెయ్యి కాస్త బరువెక్కేది, అంతే. అదంతా వరండాలోనే. గడప ఈవల తోలు పని, గడప ఆవల నానమ్మ పూజ.

శనివారం పొద్దున, "ఇప్పుడు దీన్ని ఆముదంల నానబెట్టు బిడ్డా. తోలు మెత్తగయి గొట్టానికి అతుక్కుంటది. గాలిని పోనియ్యది," అన్నాడు.

మా ఇంట్లో ఆముదం ఉండేది ఒక్కచోటే. దేవుడి గూట్లో, దీపం పక్కన. నేను గూటి ముందు నిలబడి ఆ సీసాను చాలాసేపు చూశాను. చెప్పులు కుట్టే చోటి నుంచి తెచ్చిన తోలును దేవుడి నూనెలో ముంచడమా? నా చెయ్యి లేవలేదు. వరండాలో అద్దం పక్కన తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంది. దాన్ని ఎండలో పెట్టి కరిగించి, డబ్బా మూతలో పోసి, వాషరును అందులో వేశాను.

"పెట్టినవా?" అని అడిగాడు తాతయ్య.

"పెట్టిన తాతా," అన్నాను. దేంట్లో పెట్టానో చెప్పలేదు. ముక్కుపొడి పీల్చి పీల్చి తాతయ్య ముక్కు వాసనలు గుర్తుపట్టడం ఏనాడో మానేసింది. పైగా ఒక పాపం జరగకుండా కాపాడానని మనసులోనే దండం పెట్టుకుని సంతోషపడ్డాను.

మధ్యాహ్నం ఎండలో వాషరును తుడిచి నేనే గొట్టంలోకి ఎక్కించాను. సాయంత్రం తాతయ్య మూడుసార్లు పంపు కొట్టి మీట నొక్కాడు. ఠప్పుమని పలికింది. ఆ పూట ఆయన కడుపునిండా తిని, చారు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

ఆదివారం తెల్లారేసరికి చలి. అది డిసెంబరు నెల. నాన్న పనిముట్ల పెట్టెను తాళ్ళతో కట్టి గేటు దగ్గర పెట్టించాడు. మాట ప్రకారం డ్రైవర్ సాబ్ కొట్టి చూసినప్పుడు తుపాకీ పలికితే తాళ్ళు విప్పుతానన్నాడు. డ్రైవర్ సాబ్ స్వెట్టరు మీద డ్యూటీ కోటు వేసుకుని వచ్చాడు. పన్నెండింటికి ఆయన బండి ఎక్కాలి. తుపాకీ అందుకుని పంపు కొట్టాడు. పిడి ఎక్కడా బిగువు లేకుండా ఊరికే ఆడింది. ఎనిమిదిసార్లు కొట్టాడు, పదిసార్లు కొట్టాడు. మీట నొక్కితే తుస్సుమంది.

నాన్న గేటు దగ్గరున్న పెట్టె వైపు చూశాడు. "ఓల్డ్ గన్ మ్యాన్, పర్వాలేదు," అని డ్రైవర్ సాబ్ తాతయ్య భుజం తట్టాడు.

తాతయ్య తుపాకీ తీసుకుని, పిన్ను లాగి, కడ్డీని బయటికి తీశాడు. వాషరును బొటనవేలితో తడిమాడు. తెల్లగా పేరుకున్న నూనె ఆయన గోరుకు అంటింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, ముఖం నా వైపు తిప్పాడు. ఆ కళ్ళకు నేను కనబడనని తెలుసు. అయినా ఆయన నన్ను చూశాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు.

"తప్పు నాదేరా. నూనె సంగతి పిల్లకు సక్కగ చెప్పలే. పెట్టె తీస్కపొమ్మను."

అద్దం పక్కన కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టి ఉంది. చలికాలమంతా రోజూ చూసేదే, ఎండలో పెట్టి కరిగించుకునేదే. రాత్రి చలికి వాషరులో ఉన్నది కూడా అలాగే గడ్డకట్టి తోలు బిగుసుకుపోతుందని, గాలి తప్పించుకుంటుందని నాకు తట్టలేదు. తాతయ్యకు మాత్రం వేళ్ళు తగలగానే అంతా తెలిసిపోయింది. తెలిసి, నలుగురిలో నా తల వంచకూడదని తన పెట్టెను వదిలేసుకుంటున్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. "తాత చెప్పిండు. ఆముదమనే చెప్పిండు. నేనే కొబ్బరినూనెల పెట్టిన. ఆముదం దేవునిది గదా, తోలు ముంచితే పాపమని..." అని గడప దగ్గరికి వచ్చి నిలబడ్డ నానమ్మ వైపు చూశాను. ఎవరు కోప్పడ్డా ఆమె నన్ను మెచ్చుకుంటుందని నా ఆశ.

"పాపమని ఎవలు జెప్పిన్రే నీకు?" అంది నానమ్మ. "నన్నడిగినవా? లోపల కూసున్నాయనను అడిగినవా? నీ అంతట నువ్వనుకొని, తీస్కపోయి దేవుని మీద పెడ్తివి. దసరాకు ఆ పెట్టెకు బొట్లు పెడ్త గదా, అండ్ల తోలున్నదా, ఇనుమున్నదా అని సూస్తనా నేను?"

లోపలికి వెళ్ళి ఆముదం సీసాతో వచ్చింది. గడప మాత్రం దాటలేదు. నన్ను డబ్బా మూత పట్టమని, మూరెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా పోసింది. "సీసాకు తగలనియ్యకు, మల్ల నేను తానం జెయ్యాలె," అంది. ముందు డ్రైవర్ సాబ్ నవ్వాడు. నాన్న ఆపుకోబోయాడు గాని ఆయన వల్ల కాలేదు.

నీళ్ళ పొయ్యి దగ్గర వాషరును వెచ్చబెట్టి, కారిన కొబ్బరినూనెను గుడ్డతో తుడిచి తుడిచి తీశాం. గొట్టం లోపల కూడా గుడ్డ పెట్టి తుడిచాం. ఆముదాన్ని గోరువెచ్చగా చేసి అందులో ముంచాం. ఈలోగా పెట్టె కోసం ప్యూను తమ్ముడు రానే వచ్చాడు. నాన్న ఆయనను కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. ముప్పావు గంటకు తోలు నల్లగా, మెత్తగా, పసిపిల్ల చెవిలా అయింది. ఈసారి తాతయ్య తడిమి చూసి, తలాడించి, నా చేతికిచ్చాడు. నేనే ఎక్కించాను.

డ్రైవర్ సాబ్ పంపు అందుకున్నాడు. మూడోసారికి పిడి బిగిసింది. ఆరోసారికి ఆయన పళ్ళు బిగించాడు. ఎనిమిదోసారి తుపాకీ మడమను తొడకు ఆనించి మరీ నొక్కాల్సి వచ్చింది. గుండు పెట్టడానికి జేబులో చెయ్యి పెడుతుంటే తాతయ్య ఆపాడు.

"ఇప్పుడే కాదు సాబ్. గంట ఉండనియ్. గాలి నింపుడు ఎవలైన చేస్తరు. నిలవాలె."

పలికితే చాలన్న పందేన్ని తనే కష్టం చేసుకుంటున్నాడేమిటని నాన్న ఆయన వైపు వింతగా చూశాడు. తుపాకీని గోడ వైపు తిప్పి గోనెసంచి మీద పడుకోబెట్టారు. ఆ గంటసేపూ నేను నాకు వచ్చిన స్తోత్రాలన్నీ వరసగా చదువుకున్నాను. మధ్యలో మరిచిపోయి ఒకటే రెండుసార్లు చదివాను. తాతయ్య మాత్రం కుర్చీలో వెనక్కి వాలి హాయిగా ముక్కుపొడి పీల్చాడు.

గంట గడిచింది. డ్రైవర్ సాబ్ గుండు పెట్టి, పెరడు చివర గోడకు ఆనించిన పాలపొడి డబ్బాకు గురిచూసి కొట్టాడు.

ఠప్పుమన్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. డబ్బా గింగిర్లు తిరుగుతూ పడింది. "మేస్త్రీ!" అని కేకపెట్టి డ్రైవర్ సాబ్ పరుగెత్తుకెళ్ళి ఆ డబ్బాను తెచ్చి, తాతయ్య చూపుడువేలు పట్టుకుని గుండు పడ్డ చిల్లులో పెట్టాడు. తాతయ్య ఆ చిల్లు అంచు చుట్టూ వేలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంత పెద్ద మనిషి ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

నాన్న గేటు దగ్గరికి వెళ్ళి తాళ్ళు విప్పాడు. ఒక్కడే ఎత్తబోతే పెట్టె కదల్లేదు. దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన ప్యూను తమ్ముడే రెండో పక్క పట్టి మళ్ళీ వరండాలోకి మోశాడు. పాపం ఆయన ఏమీ అనుకోలేదు. ఇంకో కప్పు చాయ్ తాగి వెళ్ళాడు.

"కోసుడు మాత్రం పిల్లనే," అన్నాడు నాన్న.

"మేస్త్రీ ఆమెనే గదరా. నేను ఆమె కింద హెల్పర్‌ను," అన్నాడు తాతయ్య.

ఆ తర్వాత నూనె సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నానమ్మ మాత్రం ఆ నెల నుంచి ఆముదం రెండు సీసాలు తెప్పించింది. ఒకటి గూట్లోకి, ఒకటి వరండాలోకి. తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టె తెరిచే ఉంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. బలహీనమన్న ఈ గుండెతోనే దేవుడు నన్ను ఇంత దూరం నడిపించాడు. పూజలూ నియమాలూ ఆనాటివే, ఒక్కటీ మానలేదు. కాని దేవుడికి ఇష్టముండదని ఎవరితోనైనా అనబోయే ముందు, ఆయనను అడిగానా, నాకే భయమా అని ఒక్క క్షణం ఆగుతాను. చాలాసార్లు భయం నాదే అవుతుంది.

ఇక మా ఇంట్లో ఎవరి చేతిలో ఏది చెడినా, తప్పెవరిదని నలుగురూ తలెత్తి చూసేలోపే "నేను సరిగ్గా చెప్పలేదు" అన్న మాట నా నోట వచ్చేస్తుంది. "అన్ని తప్పులు మీవేనా అత్తమ్మా?" అని మా కోడలు నవ్వుతుంది. కాసేపటికి ఎవరో ఒకరు మెల్లగా వంటింట్లోకి వచ్చి, నేనే చేశానని చెబుతారు. అప్పుడు నేను పక్కకు జరిగి పొయ్యి దగ్గర చోటిచ్చి, ఇప్పుడేం చేద్దామో చెప్పమని అడుగుతాను.